ఎన్నింటికి రంగు వేయాలి? క్రేయాన్ పట్టిన చేతికి మొదటి లెక్కలు

కాగితం మీద తొమ్మిది మామిడికాయలు. కింద ‘5 కాయలకు రంగు వేయి’ అని ఉంది. మా అక్క కూతురు చిట్టికి అప్పటికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. ఒకటి నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. ఆకుపచ్చ క్రేయాన్ తీసుకుని మొదటి కాయతో మొదలుపెట్టి తొమ్మిదింటికీ వేసేసింది. ‘‘అయిదింటికే కదే వేయమంది?’’ అని మా అక్క అడిగితే కాగితాన్ని ఓసారి తేరిపార చూసి, ‘‘మిగతావి ఏడుస్తాయి కదా’’ అంది.

అందరం నవ్వాం. ఆ రాత్రి మాత్రం అక్క ఫోన్ చేసింది. ‘‘దీనికి ఇరవై దాకా వచ్చనుకున్నానే, అయిదు కూడా తెలియదా ఏంటి?’’ అని ఒకటే టెన్షన్. నేను ఆరేళ్లు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చెప్పాను కాబట్టి ఈ ఫోన్ నాకు కొత్త కాదు. ఇదే ప్రశ్న కనీసం ఓ యాభై మంది తల్లులు అడిగి ఉంటారు. జవాబు ‘తెలుసు’ అనీ కాదు, ‘తెలియదు’ అనీ కాదు. ఆ ఒక్క కాగితంలో నాలుగైదు వేర్వేరు పనులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పిల్ల వాటిలో ఏ పని దగ్గర జారిందో చూసుకోవాలి.

ఒకటి రెండు మూడు చెప్పడం వేరు

ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పడం పాట లాంటిది. ‘చిట్టి చిలకమ్మా’ ఎలా నోటికి వస్తుందో అదీ అలాగే వస్తుంది. లెక్కపెట్టడం వేరే సంగతి. 1978లో రోషెల్ గెల్మన్, సి.ఆర్. గాలిస్టెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చిన్నపిల్లల లెక్క గురించి రాసిన పుస్తకంలో దీన్ని అయిదు సూత్రాలుగా విడదీశారు. అంకెల వరస ఎప్పుడూ మారకూడదు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె మాత్రమే చెప్పాలి. ఆఖరున చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది. మామిడికాయలైనా, మెట్లయినా, చప్పట్లయినా దేన్నయినా లెక్కపెట్టొచ్చు. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

పెద్దవాళ్లకు ఇవి చెప్పాల్సిన విషయాలే కావు. పిల్లలకు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో కొండ. మూడో సూత్రాన్నే చూడండి. పిల్ల అయిదు చింతపిక్కల్ని వేలు పెట్టి ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు’ అని తప్పు లేకుండా లెక్కపెడుతుంది. వెంటనే ‘‘అయితే ఎన్ని?’’ అని అడగండి. ‘అయిదు’ అనదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. తన దృష్టిలో ‘ఎన్ని’ అంటే ‘ఆ పాట పాడు’ అని అర్థం. ఆఖరి అంకెకు ప్రత్యేకమైన హోదా ఉందని ఇంకా తెలియదు.

కరెన్ విన్ అనే పరిశోధకురాలు 1990ల మొదట్లో దీన్నే ఇంకోవైపు నుంచి చూశారు. పిల్లల ముందు బొమ్మలు పోసి ‘ఒకటి ఇవ్వు’, ‘రెండు ఇవ్వు’, ‘మూడు ఇవ్వు’ అని అడగడం, అంతే. ‘ఒకటి’ అంటే మాత్రమే తెలిసిన పిల్ల ఒకటి అడిగితే ఒకటి ఇస్తుంది, మూడడిగినా ఆరడిగినా గుప్పెడు తీసి ఇస్తుంది. కొన్ని నెలలకు రెండు పట్టుబడుతుంది. ఇంకొన్నాళ్లకు మూడు. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట తలుపు తెరుచుకున్నట్టు అయిదూ ఆరూ ఏడూ అన్నీ ఒకేసారి అర్థమైపోతాయి. చాలామందికి ఇది మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో జరుగుతుంది. కొందరికి ఆ తర్వాత కూడా. పక్కింటి పిల్లాడికి వచ్చేసింది, మా వాడికి రాలేదని కంగారు పడాల్సిన వయసు కాదు అది.

ఇప్పుడు ఆ మామిడికాయల కాగితం దగ్గరికి వద్దాం. ‘5 కాయలకు రంగు వేయి’ అన్నా ‘అయిదు ఇవ్వు’ అన్నా ఒకటే పరీక్ష. అందులోనూ కాగితం పరీక్షే కష్టమైనది. అయిదు బొమ్మలు ఇవ్వడానికి పది సెకన్లు పడుతుంది. నాలుగేళ్ల చేయి ఒక్క మామిడికాయకు అంచులు దాటకుండా రంగు వేయాలంటే ఒక నిమిషం పడుతుంది. రెండో కాయకు వచ్చేసరికి చేయి నొప్పి, మూడో కాయ దగ్గర క్రేయాన్ విరుగుతుంది, నాలుగో కాయ దగ్గర కరెంటు పోతుంది. ఆ ‘అయిదు’ అనే మాటను అంతసేపు తలలో ఎవరు మోస్తారు? చిట్టికి అయిదు తెలియక కాదు, దారిలో అయిదు జారిపోయి ఉండొచ్చు.

మర్నాడు అక్కకు ఒక్క మార్పే చెప్పాను. రంగు కంటే ముందు బొట్టు పెట్టించమన్నాను. అయిదు కాయలకు అయిదు బొట్లు, తక్ తక్ తక్ మని. ‘ఎన్ని బొట్లు పెట్టావు?’ అని ఒక మాట. ఆ తర్వాతే రంగు. చిట్టి మొదటిసారే అయిదు బొట్లు పెట్టింది. బొట్టు లేని నాలుగు కాయలు ఏడుస్తాయేమో అని మళ్లీ అనుమానం వచ్చిందట. ‘‘అవి ఇంకా చెట్టు మీదే ఉన్నాయిలే’’ అని అక్క సర్దిచెప్పింది.

రంగు చేసే అసలు పని

పిల్లలు లెక్కలో తప్పేది ఎక్కువగా రెండు చోట్ల: లెక్కపెట్టినదాన్నే మళ్లీ లెక్కపెట్టడం, ఒకదాన్ని వదిలేయడం. చింతపిక్కలైతే లెక్కపెట్టినవి పక్కకు జరుపుకోవచ్చు. వామనగుంటలు ఆడే అమ్మమ్మలు ఇది ఎవరూ నేర్పకుండానే చేస్తారు. కాగితం మీది బొమ్మల్ని జరపలేం. చెల్లాచెదురుగా ఉన్న పదకొండు చుక్కల్లో దేన్ని లెక్కపెట్టామో, దేన్ని పెట్టలేదో గుర్తుపెట్టుకోవడం పెద్దవాళ్లకే చిరాకు.

రంగు పనికొచ్చేది ఇక్కడే. రంగు పడిన కాయ ‘లెక్కకు వచ్చింది’, పడనిది ‘రాలేదు’. వేలు ముందుకు వెళ్లిపోగానే చెరిగిపోయే గుర్తు రంగుతో కాగితం మీద నిలబడుతుంది. అందుకే రంగుల పని లెక్కకు సాయం చేస్తుంది. బొమ్మ అందంగా రావడం దీనికి పైన వచ్చిపడే లాభం, అంతే. అంచు దాటిందా, ఆకాశం ఊదారంగులో ఉందా అన్న పేచీలు పెట్టుకుంటే లెక్క ఎటో పోతుంది. లెక్క కోసం ఇచ్చే బొమ్మ చిక్కుడు గింజంత ఉంటే చాలు. పేజీ నిండా ఒకే ఏనుగు, దాని మీద ‘1’ అని రాసి ఉంటుంది చూడండి, అది అరగంట చేతి వ్యాయామం. లెక్క మాత్రం అర సెకను.

అంకెను బట్టి రంగు వేసే కాగితాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1 ఉన్నచోట ఎరుపు, 2 ఉన్నచోట నీలం, చివరికి నెమలి బయటపడుతుంది. ఈ పద్ధతి పెద్దవాళ్ల కోసం పుట్టింది. 1950ల మొదట్లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక రంగుల కంపెనీలో పనిచేసిన డాన్ రాబిన్స్ అనే చిత్రకారుడు, బొమ్మలు వేయడం రానివాళ్లు కూడా వేయగలిగేలా అంకెలు రాసిన కాన్వాస్‌లు తయారుచేశాడు. అవి విపరీతంగా అమ్ముడుపోయాయి. అక్కడ 3 అంటే ‘మూడు’ కాదు, మూడో నంబరు డబ్బాలోని రంగు. పిల్లల కాగితంలోనూ అంతే. 3 బదులు ‘క’ అని రాసినా, నక్షత్రం గుర్తు పెట్టినా నెమలి అలాగే వస్తుంది. అంకె ఆకారం గుర్తుపట్టడానికి అది మంచిదే, కాదనను. కానీ అది చేస్తే లెక్కలు వస్తాయనుకుంటే మాత్రం మోసపోయినట్టే. దాన్ని లెక్కగా మార్చాలంటే అంకె స్థానంలో చుక్కలు పెట్టండి. మూడు చుక్కలున్న గడికి ఎరుపు, నాలుగు చుక్కలున్న గడికి నీలం. చుక్కల్ని ఒక్కోచోట ఒక్కోలా అమర్చండి, కొన్ని గవ్వల్లా చెదిరి, కొన్ని వరసగా. మూడూ నాలుగూ దాకా పిల్లలు లెక్కపెట్టకుండానే చూపుతో పట్టేస్తారు. గవ్వలాట ఆడినవాళ్లకు ఆ చూపు బాగా తెలుసు. నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే ఎవరూ వేలు పెట్టి లెక్కించరు.

ఏ కాలానికి ఆ కాలం బొమ్మలే ఎందుకు?

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కాగితాల్లో మంచుబొమ్మలు, ఎర్రబడిన మేపుల్ ఆకులు, కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయలు ఉంటాయి. ఖమ్మంలో పిల్లాడు మంచుబొమ్మల్ని లెక్కపెట్టలేడా అంటే, పెట్టగలడు. దేన్నయినా లెక్కపెట్టొచ్చన్నది సూత్రమే కదా. అయిదు మంచుబొమ్మలు అయిదే. పోయేది అక్కడి లెక్క కాదు, మాట. మంచుబొమ్మ గురించి ఆ పిల్లాడు ఏమీ మాట్లాడడు. మామిడికాయ పెట్టండి, ‘ఇది పచ్చడికి, ఇది తినడానికి’, ‘ఇది తాతయ్య తెచ్చినంత లేదు’, ‘దీనికి ముచ్చిక ఉంది’ అని మొదలవుతుంది. పెద్దది, చిన్నది, ఇంతది, అంతకంటే తక్కువ, ఇవి ఒక జట్టు, అవి ఇంకో జట్టు అనే మాటలన్నీ అంకెలకు ముందు రావాల్సిన లెక్కలు. అవి తెలిసిన వస్తువు దగ్గరే వస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. కాలం వస్తువుల్ని కుప్పలుగా తెస్తుంది. రెండు మూడు వారాల పాటు ఇంట్లో, వీధిలో, బండి మీద ఒకటే కనిపిస్తుంది. ఉదయం చేత్తో పట్టుకున్నదాన్నే సాయంత్రం కాగితం మీద చూస్తారు. చేతిలోంచి కాగితానికి వెళ్లే ఆ దారి చిన్న వయసులో చాలా ముఖ్యం.

సంక్రాంతి: ఎర్ర రేకు పక్కన ఎర్ర రేకు

ముగ్గు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఉన్న లెక్కల కాగితాల్లో ఇంతకు మించింది లేదు. ‘5 చుక్కలు, 3 వరకు, సందు చుక్క’ అంటారు. మధ్య వరసలో అయిదు చుక్కలు పెట్టి, పై వరసలో చుక్కను కింది రెండు చుక్కల సందులోకి వచ్చేలా పెడతారు. అప్పుడు నాలుగే పడతాయి. ఆపై మూడు. కిందికీ అంతే. 3, 4, 5, 4, 3. మొత్తం 19. అదే ‘5 చుక్కలు, 1 వరకు, ఎదురు చుక్క’ అంటే చుక్కకు ఎదురుగా చుక్క వస్తుంది, రెండు వైపులా ఒక్కోటి తగ్గుతుంది. 1, 3, 5, 3, 1. మొత్తం 13. ఒకదాంట్లో ఒకటి చొప్పున తగ్గడం, ఇంకోదాంట్లో రెండు చొప్పున తగ్గడం. ఇది బడిలో చాలా ఏళ్ల తర్వాత ‘శ్రేఢి’ అనే పేరుతో వస్తుంది. వాకిట్లో కళ్లాపి ఆరేలోపే వచ్చేస్తుంది.

అయిదేళ్ల పిల్లకు ముగ్గు గీయడం రాదు, చుక్కలు పెట్టడం వస్తుంది. పలక మీద సుద్దతో మీరు మధ్య వరస పెట్టండి, పై వరస తనను పెట్టమనండి. సందులోకి రావాలన్న ఒక్క నియమం చెబితే చాలు, ఎన్ని పెట్టాలో తనకే తెలుస్తుంది. ‘ఒకటి తగ్గిపోయింది పిన్నీ’ అని ఆశ్చర్యపోతుంది.

రంగులు అద్దే దగ్గర ఇంకా మజా. ఆరు రేకుల పువ్వు గీసి ఇచ్చి ‘ఒక ఎరుపు, ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక పసుపు, అలా చుట్టూ వెయ్యి’ అనండి. చక్కగా కుదురుతుంది. మర్నాడు ఏమీ చెప్పకుండా అయిదు రేకుల పువ్వు ఇవ్వండి. నేను చూసిన ప్రతి పిల్లా, పిల్లాడూ ఆఖరి రేకు దగ్గర ఆగిపోయారు. ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు. ఆ ఆఖరి ఎరుపు పక్కన మొదటి ఎరుపు! మొదట తామే ఎక్కడో తప్పు వేశామనుకుంటారు. ఇంకో కాగితం అడుగుతారు. ఈసారి పసుపుతో మొదలుపెడతారు. మళ్లీ అదే గొడవ, ఈసారి రెండు పసుపులు. మా క్లాసులో ఒక పిల్లాడు నాలుగు కాగితాలు పాడుచేసి, అయిదోసారి ఆ ఆఖరి రేకుకు ఆకుపచ్చ వేసి ‘‘దీనికి జత లేదు మేడమ్’’ అన్నాడు. సరి సంఖ్య, బేసి సంఖ్య అనే మాటలు వాడు వినలేదు. బేసి అంటే ఏమిటో వాడికి అప్పటికే తెలిసిపోయింది. ఆ నాలుగు కాగితాలు పాడవుతున్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు నోరు మూసుకుని ఉండటమే కష్టం. జవాబు చెప్పేశారో, ఆట అయిపోయినట్టే.

తర్వాత మూడు రంగులు ఇవ్వొచ్చు. ఆరు రేకులకు కుదురుతుంది, తొమ్మిదికి కుదురుతుంది, ఎనిమిదికి కుదరదు. పిల్లలు దీన్ని ‘మంచి పువ్వు’, ‘పెంకి పువ్వు’ అని విడదీస్తారు.

ముగ్గును లెక్కగా చూడటం నా సొంత ఊహేమీ కాదు. మన ముగ్గుకు చెల్లెలైన తమిళ కోలాన్ని 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతో కలిసి పనిచేసిన కమలా కృతివాసన్ గణితంగానే చదివారు. చుక్కల గళ్లలో కోలం ఏ నియమాలతో పెరుగుతుందో, ఆ నియమాలను కంప్యూటర్ భాషకు ఎలా అందించవచ్చో చూపించారు. వాకిట్లో వంగి ముగ్గు పెట్టే మనిషి తలలో నడిచేది అదే.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు నన్ను అడుగుతుంటారు, మాకు వాకిలి లేదు, జనవరిలో కిటికీ బయట మంచే కదా అని. అయితే అక్కడ మంచే వేయండి. అక్కడి పిల్లకు అదే చేత్తో పట్టుకునే వస్తువు. పైగా మంచు పలుకుకు ఆరు కొమ్మలు ఉంటాయి. సందు చుక్కలతో పెట్టిన ముగ్గు కూడా ఆరు మూలలే తేలుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి రంగు వేయమంటే, డాలస్‌లో పుట్టిన పిల్లకు అమ్మమ్మ ముగ్గు ఒక్కసారిగా తెలిసిన వస్తువైపోతుంది.

ఎండాకాలం

మామిడికాయల సంగతి మొదట్లోనే చెప్పాను. నాకు ఎండాకాలంలో అంతకంటే ఇష్టమైనది తాటికాయ. కాయ చెక్కితే మామూలుగా మూడు ముంజలు. ఎప్పుడో ఒకసారి రెండే ముంజలున్న కాయ తగులుతుంది, దాని గురించి పిల్లలు వారం రోజులు మాట్లాడతారు. నాలుగు పెద్ద గుండ్రాలు గీసి, ఒక్కోదాంట్లో మూడేసి చిన్న గుండ్రాలు పెట్టండి. ఒక కాయలోని ముంజలకు రంగు వేయగానే ఆగి, ‘ఇప్పటికి ఎన్ని?’ అని అడగండి. మూడు. ఇంకో కాయ, ఆరు. తొమ్మిది. పన్నెండు. మూడో ఎక్కం బట్టీ పట్టకుండా ఇలా నడిచి వస్తుంది. తెలుగులో నాలుగింటి కట్టకు ‘పుంజీ’ అనే మాట ఉండేది. ఇలా కట్టలుగా లెక్కపెట్టడం మన పెద్దవాళ్లకు రోజువారీ పని.

వానాకాలం: నీలం గళ్లు, పసుపు గళ్లు

జూన్‌లో తొలకరి పడగానే ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి, ఎర్ర మఖమల్ ముక్కల్లా. ఎనిమిది కాళ్లు, అటు నాలుగు, ఇటు నాలుగు. ఒక వైపు కాళ్లు మీరు గీసి, రెండో వైపు పిల్లను గీయమంటే చాలు, సౌష్ఠవం అనే పెద్ద మాట అక్కర్లేదు.

వానాకాలానికి నేను ఇచ్చే అసలు పని వేరు. జూలై నెలకు 31 గళ్లు, వరసకు ఏడు. రోజూ పడుకునే ముందు ఒక్క గడి. వాన పడితే నీలం, పడకపోతే పసుపు. అంతే, అర నిమిషం పని. ఒక రోజు మరచిపోయినా పిల్లలే గుర్తుచేస్తారు. చిట్టి మూడో రోజే పేచీ పెట్టింది. ఆ రోజు తుంపర పడింది, నేల కూడా తడవలేదు. నీలమా, పసుపా? అక్క పసుపు అంది, చిట్టి నీలం అంది. చివరికి గడికి మూల నుంచి మూలకు గీత గీసి సగం నీలం, సగం పసుపు వేశారు. ఏది ఏ జట్టులోకి వస్తుందో ముందే తేల్చుకోవాలి అన్న సంగతి జనాభా లెక్కలు రాసే వాళ్లకు కూడా రోజూ ఎదురయ్యేదే.

వారం చివర ‘ఏవి ఎక్కువ?’ అని అడగండి. అయిదు నీలం, రెండు పసుపు ఉంటే ‘నీలం’ అని వెంటనే చెబుతారు. ‘ఎన్ని ఎక్కువ?’ అని అడిగితే ‘అయిదు’ అంటారు. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు, తీసివేత రాలేదని. పిల్లలకు రానిది తీసివేత కాదు, ఆ ప్రశ్న. వాళ్ల చెవికి ‘ఎన్ని’ ఒక్కటే వినిపిస్తుంది. 1983లో టామ్ హడ్సన్ అనే పరిశోధకుడు పిట్టలు, పురుగుల బొమ్మలతో దీన్ని పరీక్షించాడు. ‘పురుగుల కంటే పిట్టలు ఎన్ని ఎక్కువ?’ అంటే తడబడిన పిల్లలే ‘పిట్టలన్నీ తలా ఒక పురుగు తీసుకుంటే ఎన్ని పిట్టలకు పురుగు దొరకదు?’ అనగానే చాలా బాగా చెప్పారు. బొమ్మ అదే, లెక్క అదే, మాట మారింది. మన గళ్లలో కూడా అలాగే అడగండి. గళ్లు కత్తిరించి నీలాలు ఒక వరస, పసుపులు దాని కింద ఒక వరస పేర్చి, ‘ఒక్కో పసుపుకు ఒక్కో నీలం జత. జత దొరకని నీలాలు ఎన్ని?’ అనండి. మూడు అని వేలు పెట్టి చూపిస్తారు.

మాట గురించి ఇంకో ముక్క. తెలుగులో వస్తువులైతే రెండు, మనుషులైతే ఇద్దరు. గొడుగు కింద నిలబడ్డ పిల్లల బొమ్మకు రంగు వేస్తూ ‘మూడు పిల్లలు’ అన్నారనుకోండి, లెక్క సరిగ్గానే ఉంది, భాష ఇంకా దిద్దుకుంటోంది. ‘అవును, ముగ్గురు’ అని మీరు మామూలుగా అంటే చాలు. ఈ చిక్కు ఇంగ్లిష్‌లో లెక్క నేర్చే పిల్లలకు లేదు. దానికి బదులు మనకొక వరం ఉంది. వాళ్లు ‘ఇలెవన్, ట్వెల్వ్’ అంటారు, వాటిలో పది ఎక్కడుందో వినపడదు. మన పదకొండు, పదమూడు, పదహారు, పదిహేడుల్లో ‘పది’ చెవికి తగులుతూనే ఉంటుంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని ఇంకా సాఫీ. అంకెలు ఇంగ్లిష్‌లోనే నేర్పాలని పట్టుబట్టే బడుల్లో ఈ వరం వృథా అవుతోంది. ఒక బడిలో ఎల్‌కేజీ పిల్లలకు 1 నుంచి 100 దాకా రోజూ రాసుకురమ్మని హోంవర్క్ ఇచ్చేవారు. ఆ నోట్సుల్లో 12కు బదులు 21, 13కు బదులు 31 రాసినవాళ్లే సగం మంది. నోటితో పదీ రెండూ పన్నెండని ఆడుకోకుండా నేరుగా రాతకు వెళితే మరేం జరుగుతుంది?

జాతీయ విద్యా విధానం 2020లో వచ్చింది, దాని వెంట 2021 జూలైలో నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలన్నది లక్ష్యం. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఆటతో, బొమ్మలతో నేర్పమనే చెబుతోంది. కాగితం మీద అంతా బాగానే ఉంది. వంద దాకా రాయించే హోంవర్కులు మాత్రం ఇంకా తగ్గలేదు.

బతుకమ్మ: ఆరు కాదు, ఆరోది

‘ఆరింటికి రంగు వేయి’, ‘ఆరోదానికి రంగు వేయి’. వినడానికి కొంచెమే తేడా. మొదటిది ఎన్ని అన్నది, రెండోది ఎక్కడ అన్నది. ఒకటో తరగతి పిల్లలు కూడా దీని దగ్గర బోర్లా పడతారు, ఆరోదానికి వేయమంటే వరసగా ఆరింటికీ వేసేస్తారు.

దీనికి బతుకమ్మ కంటే మంచి కాగితం నాకు దొరకలేదు. తొమ్మిది రోజులు, తొమ్మిది పేర్లు: ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మ. ఆరో రోజు బతుకమ్మ అలిగిందని పేర్చరు. తొమ్మిది గళ్లు గీసి, ఏ రోజుకారోజు ఒక గడిలో బతుకమ్మకు రంగు వేయిస్తూ వస్తే ఆరో గడి ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని ఏ పిల్లా మరచిపోదు. ‘అలిగింది ఎన్నోది?’ ‘ఆరోది.’ ‘మరి రంగు పడినవి ఎన్ని?’ లెక్కపెట్టుకుని ‘ఎనిమిది’ అంటారు. ఎన్నోది, ఎన్ని అన్న రెండు ప్రశ్నలు ఒకే కాగితం మీద విడివిడిగా నిలబడతాయి.

పేర్చడంలోనూ లెక్కే. అడుగున వెడల్పు వరస, పైకి పోయేకొద్దీ చిన్నది. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ. గునుగు పూల కొసల్ని రంగునీళ్లలో ముంచి ఎరుపూ నీలమూ చేయడం ఇంట్లో పిల్లల పనే, కాబట్టి ఆ రోజు కాగితం కూడా అక్కర్లేదు. కాగితం మీద చేస్తే అయిదు పట్టీలు వేర్వేరు పొడవుల్లో కత్తిరించి, కలగలిపి ఇవ్వండి. పెద్దది కింద, దాని మీద దానికంటే చిన్నది. మూడు పట్టీలైతే చూసి పేర్చేస్తారు. అయిదు ఇస్తే మధ్యలోది ఎక్కడ పెట్టాలో తేల్చడం కష్టం, ఎందుకంటే అది ఒకదానికంటే చిన్నది, ఇంకోదానికంటే పెద్దది కూడా. ఒకే వస్తువు ఒకేసారి చిన్నదీ పెద్దదీ కావడం నాలుగేళ్ల బుర్రకు మింగుడుపడదు. పట్టుకుని, పక్కన పెట్టి, తీసి, మళ్లీ పెడతారు. పెట్టనివ్వండి.

దీపావళి

పది ప్రమిదలు, అయిదేసి చొప్పున రెండు వరసలు. వెలిగిన దీపానికి పసుపు మంట వేయాలి, వెలగనిది ఖాళీ. ఏడు వెలిగాయి, ఇంకెన్ని వెలిగించాలి? మామూలు తీసివేత కాగితంలో పోయినవాటిని కొట్టేస్తారు, ఇక్కడ ఏడూ మూడూ కళ్లముందే ఉంటాయి, పది ఎక్కడికీ పోదు. పై వరస నిండితే అయిదు, కింద రెండు, కాబట్టి ఏడు అని లెక్కపెట్టకుండా చెప్పేవాళ్లు వారంలో తయారవుతారు. పదికి ఏది ఎంత జత అన్నది ఇలా చూపుకు అలవాటైతే, ఎనిమిదికి అయిదు కలపాల్సి వచ్చినప్పుడు వేళ్లు వెతుక్కోనక్కర్లేదు. ముందు రెండు ఇచ్చి పది నింపి, మిగిలిన మూడు పక్కన పెడతారు.

పోయిన దీపావళికి చిట్టి ఈ కాగితం నింపుతుంటే నేను పక్కనే ఉన్నాను. పదింటికీ మంటలు వేయమన్నాను. తొమ్మిది వేసి, క్రేయాన్ డబ్బాలో పెట్టేసింది. ‘‘ఇంకొకటి మిగిలింది కదే?’’ అన్నాను. ఖాళీ ప్రమిద మీద నల్ల క్రేయాన్‌తో సన్నగా పొగ గీసి, ‘‘ఇది గాలికి ఆరిపోయింది పిన్నీ. తొమ్మిదే ఉన్నాయి, లెక్కపెట్టుకో’’ అంది.